ఒకే రాగం, నూట ఎనభై ఏడు రేడియోలు

కిందటి వారం మనం ఆ ఇంట్లోంచి బయటికి వచ్చేసరికి ముందుగదిలో అందరూ కంప్యూటరు తెర మీద ఒకే ఒక్క అంకె వైపు చూస్తూ నిలబడిపోయి ఉన్నారు. నూట ఎనభై ఏడు ఉండాల్సిన చోట ఒకటి ఉంది.

ఇంటిల్లిపాది పాటలూ కలిపి పన్నెండు వేల పైచిలుకు. అవన్నీ అల్మారా పైనున్న చెప్పుల పెట్టెంత నల్లడబ్బాలో ఉంటాయి. ఇంట్లో ఏ కంప్యూటర్లో ఏ పాట చేర్చినా ముందు ఆ డబ్బాలోకి వెళ్తుంది, అక్కణ్ణించి మిగతా కంప్యూటర్లలోకి దిగుతుంది. పన్నెండు వేలూ క్షేమంగానే ఉన్నాయి. పోయినవి మామగారివి మాత్రమే. రేడియో మెకానిక్‌గా ముప్పై ఏళ్ళు పనిచేసి ఆయన టేపుల మీద పట్టిపెట్టుకున్న రికార్డింగులు. పెద్దకోడలు రెండేళ్ళపాటు మధ్యాహ్నాలు ఆయన పక్కన కూర్చుని ఒక్కోటీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక్కోదానికీ పేరు పెట్టినవి.

శనివారం నాలుగింటికి సాంకేతిక కళాశాలనుంచి ఒకావిడ వస్తానని ఉత్తరం రాసింది. అక్కడ పాత యంత్రాల గది ఒకటి తెరుస్తున్నారు. అందులో ఒక మూల మామగారి రికార్డింగులు వినిపించడానికి పెడతారట. వచ్చి, విని, పట్టుకెళ్తానంది. ఆ ఉత్తరాన్ని మామగారు నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకుని తిరుగుతున్నారు. చొక్కా మార్చినప్పుడల్లా ఉత్తరం కూడా జేబు మారుతోంది.

ఇవాళ గురువారం. రికార్డింగులు లేవు.

"డబ్బా ముసలిదైపోయింది వదినా," అన్నాడు మరిది, టీ గ్లాసు బెంచీ మీద పెడుతూ. ఇంట్లో అందరూ అతన్ని ఇంజనీరు అనే పిలుస్తారు. చదివింది అదే, చేసేది కూడా అదే. వంతెనల లెక్కలు కట్టే ఆఫీసు. కానీ ఇంట్లో బల్బు మాడినా, ఫోను మొరాయించినా, అతనే ఇంజనీరు. "నేను ఎప్పణ్ణించో చెప్తున్నాను. లేదంటే మీరు ఎక్కడో ఏదో నొక్కేసి ఉంటారు. మీ తప్పని కాదు, అందరికీ అవుతుంది. అన్నీ నా ఆన్‌లైన్ ఖాతాలోకి మార్చేద్దాం. పాస్‌వర్డు నా దగ్గర ఉంటుంది. ఇక మీకు ఈ బెంగ ఉండదు."

"నాకు బెంగ ఉందని ఎవరు చెప్పారు?" అంది పెద్దకోడలు.

ఆ మాట నెమ్మదిగానే అంది. కానీ గుమ్మం దగ్గర పీట మీద కూర్చుని బఠానీలు ఒలుస్తున్న అత్తగారు తలెత్తి చూసింది. పదహారేళ్ళుగా వింటున్న గొంతు. దాంట్లో ఎప్పుడు పదును తేలుతుందో ఆవిడకి తెలుసు.

పెద్దకోడలు పెళ్ళికి ముందూ, తర్వాత పదకొండేళ్ళూ ఒక కాలేజీ గ్రంథాలయంలో పనిచేసింది. పుస్తకం వస్తే దానికి నెంబరు వేసి, కార్డు రాసి, ఏ అరలో ఉండాలో ఆ అరలో పెట్టేది ఆవిడే. కాలేజీ మూతపడింది, ఉద్యోగం పోయింది. చెయ్యి ఊరుకోదుగా. ఇంట్లో ఉన్న పాటల మీద పడింది. అప్పటిదాకా ఆ పాటలు చిందరవందరగా ఉండేవి. ఒకే గాయని పేరు ఆరు రకాలుగా ఉండేది. "కొత్త ఫోల్డరు," "కొత్త ఫోల్డరు రెండు," "ఇది అసలైంది" అని పేర్లు. ఇవాళ ఆ ఇంట్లో ఎవరికి ఏ పాట కావాలన్నా మూడు నొక్కుళ్ళలో దొరుకుతుంది. కూతురు స్నేహితులు వచ్చి "మీ ఇంట్లో పాటలు భలే దొరుకుతాయే" అంటే, వంటింట్లో ఉన్న పెద్దకోడలికి వీపు నిటారుగా అయ్యేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునే విషయమా అది?

ఇప్పుడు అవన్నీ తన పాస్‌వర్డు కిందికి ఇచ్చేయమంటున్నాడు మరిది.

"ఇంజనీరూ, ఒక్క పని చేద్దాం," అంది. "తాళం ఎవరి దగ్గరుండాలో తర్వాత చూద్దాం. ముందు దొంగెవరో చూద్దాం."

"దొంగేంటి వదినా, డిస్కు పాడై..."

"డిస్కు పాడైతే ఒక్క ఫోల్డరే ఏరుకుని పాడవుతుందా? దానికి మీ నాన్నగారి మీద ఏం కోపం?"

మామగారు పేము కుర్చీలోంచి పొడిగా నవ్వారు. నిన్నటినుంచి ఆయన నోట వచ్చిన మొదటి చప్పుడు అది.

పెద్దకోడలు బెంచీ ముందు కూర్చుంది. ఆ బెంచీ మామగారిదే. ఒకప్పుడు ఈ ముందుగదే ఆయన దుకాణం. చెక్క మీద టంకం ఇనుము కాల్చిన మచ్చలు ఇంకా ఉన్నాయి, వాటి మీదే ఇప్పుడు మౌసు అటూ ఇటూ తిరుగుతుంది. డబ్బాలోకి వెళ్ళింది. ఒక పేజీ, దాని లోపల ఇంకో పేజీ, చివర ఎక్కడో "జరిగినవి" అని ఒక వరస. డబ్బాతో వచ్చిన పుస్తకాన్ని పెద్దకోడలు మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివింది. కొన్న వస్తువుతో వచ్చిన పుస్తకం చదివే మనిషి ఆ ఇంట్లో ఆవిడ ఒక్కతే.

"ఇదిగో. ఈ డబ్బాలో ఏది వచ్చినా, ఏది పోయినా, ఎప్పుడు, ఏ కంప్యూటరునుంచి అన్నది ఇక్కడ రాసుకుంటుంది. మా లైబ్రరీలో పుస్తకం బయటికి వెళ్తే రిజిస్టర్లో పడ్డట్టే."

తెర మీద వరసలు కిందికి జారాయి. తొలగించినది. తొలగించినది. తొలగించినది. ఒకదాని కింద ఒకటి, నూట ఎనభై ఆరు సార్లు. ఆదివారం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మొదలై ఇరవై ఒకటికల్లా అయిపోయింది. రెండేళ్ళ పని పోవడానికి ఒక్క నిమిషం పట్టింది.

ప్రతి వరస చివరా కంప్యూటరు పేరు ఉంది. కంప్యూటర్లకు పేర్లు పెట్టింది పెద్దకోడలి కూతురు. బెంచీ మీద ఉన్నది "తాతయ్య." పెద్దకోడలిది "అమ్మ." మరిది ల్యాప్‌టాప్ కొత్తగా వచ్చినప్పుడు అతను తెగ మురిసిపోయి తిరుగుతున్నాడని దానికి "సింహం" అని పెట్టింది.

నూట ఎనభై ఆరు వరసల్లోనూ సింహమే ఉంది.

అత్తగారి గిన్నెలో ఒక బఠానీ గింజ టక్కున పడింది.

"అదేంటి," అన్నాడు మరిది. ముందుకు వంగి మళ్ళీ చూశాడు. ముఖంలో రంగు మారింది. "ఆదివారం... ఆదివారం నేను..."

"ఆదివారం నువ్వేం చేశావు నాయనా?" అన్నారు మామగారు.

"నా ల్యాప్‌టాప్ నిండిపోయింది నాన్నా. ఆఫీసు బొమ్మలు పట్టడం లేదు. రెండేసిసార్లు ఉన్న పాటలు వెతికి తీసేసే ప్రోగ్రాం ఒకటి ఉంది, అది నడిపాను. అది మొదటి ఇరవై సెకన్లు విని, ఒకేలా ఉన్నవాటిలో ఒకటి ఉంచి మిగతావి తీసేస్తుంది. కానీ నేను తీసింది నా దాంట్లో! నా దాంట్లోనే!"

"నీ దాంట్లో తీస్తే డబ్బాలో తీసినట్టే," అంది పెద్దకోడలు. "డబ్బాలో పోతే అన్నిట్లోనూ పోతుంది. చేర్చింది అన్నిచోట్లకీ ఎలా వెళ్తుందో తీసేసింది కూడా అలాగే వెళ్తుంది. దానికి మంచి చెడ్డా తెలీదు, చెప్పింది చేస్తుంది. డబ్బాకి చెత్తబుట్ట ఉండాలి నిజానికి. తీసేసినవి నెలరోజులు అందులో ఉంటాయి. అది కూడా చూశాను. ఎవరో ఆపేశారు, జాగా తింటోందని."

మరిది మెడ వెనక గోక్కున్నాడు. ఆపింది ఎవరో, ఎప్పుడో అతనికి గుర్తొచ్చింది.

"అయితే సింహం మేసేసిందన్నమాట," అన్నారు మామగారు.

అత్తగారు ఫక్కున నవ్వబోయి ఆపుకుంది. మరిదికి మాత్రం నవ్వు రాలేదు. చిన్నప్పటినుంచీ అంతే, తప్పు తనదని తేలితే ముందు ముఖం మాడ్చుకుంటాడు, తర్వాత వాదిస్తాడు, ఆ తర్వాత ఎప్పుడో ఒప్పుకుంటాడు. ఇప్పుడు రెండో మెట్టు మీద ఉన్నాడు.

"సరే, నేనే. కానీ ఒక్క మాట చెప్పు నాన్నా. అవన్నీ ఒకటే కదా? రేడియో స్టేషను పొద్దున తెరిచేటప్పుడు వేసే రాగం. అర నిమిషం. నూట ఎనభై ఏడుసార్లూ అదే రాగం! ఒకటి మిగిలింది కదా. ఆవిడ వస్తే అది వినిపిస్తే సరిపోదా? ఎవరికి తేడా తెలుస్తుంది?"

పెద్దకోడలికి చెంపలు వేడెక్కాయి. నోటిదాకా వచ్చిన మాట మింగేసింది. ఈ మాటకు జవాబు చెప్పాల్సింది తను కాదు. మామగారి వైపు చూసింది.

మామగారు కోప్పడలేదు. జేబులోని ఉత్తరాన్ని ఒకసారి తడుముకున్నారు.

"ఒరేయ్, నువ్వు వంతెన కొలిచేటప్పుడు రోజుకో టేపుతో కొలుస్తావా?"

"లేదు."

"ఎందుకని?"

"టేపు మారితే కొలత మారుతుంది."

"అదీ సంగతి. నా దగ్గరికి వచ్చే రేడియోలు రకరకాలు. బాగుచేశాక ఎలా పలుకుతోందో చూడాలంటే పాట పెడితే లాభం లేదు. ఇవాళ ఒక పాట వస్తుంది, రేపు ఇంకోటి వస్తుంది. మారనిది ఒక్కటే, పొద్దున ఆరింటికి స్టేషను తెరిచే రాగం. అదే వాయిద్యం, అదే నిడివి, అదే గట్టితనం. ముప్పై ఏళ్ళు మారలేదది. అందుకని ఏ రేడియో బాగుచేసినా మర్నాడు పొద్దున ఆ రాగం దాంట్లో పట్టి, టేపు మీదకి ఎక్కించి, అప్పుడు మనిషికి ఇచ్చేవాణ్ణి. ఆ టేపుల్లో ఉన్నది రాగం కాదురా. రేడియోలు."

మరిది తెర మీద మిగిలిన ఆ ఒకటి అంకె వైపు చూశాడు.

"మామయ్యా, అవి వెనక్కి వస్తాయి," అంది పెద్దకోడలు.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. నిన్నంతా ఆవిడ నోరు విప్పకపోవడం చూసి, పాపం, కుంగిపోయిందనుకున్నారు. ఆవిడ కుంగిపోలేదు. ముందు ఎలా పోయాయో తెలిస్తే తప్ప తెచ్చి పెట్టడంలో అర్థం లేదని ఊరుకుంది. కారణం తెలీకుండా తెచ్చి పెడితే అవీ పోతాయి.

లోపలికి వెళ్ళి, కుట్టుమిషను సొరుగులోంచి పాత తువ్వాలు చుట్టిన పొట్లం ఒకటి తెచ్చింది. విప్పితే అరచేతి వెడల్పు డిస్కు. దాని మీద కాగితం అతికించి సిరాతో రాసి ఉంది: శనివారం.

"ఇదేంటి వదినా?"

"మా లైబ్రరీలో ఒకసారి కప్పు కారి కార్డుల బీరువా అంతా తడిసిపోయింది. పుస్తకాలన్నీ ఉన్నాయి, ఏది ఎక్కడుందో చెప్పే కార్డులు లేవు. ఆర్నెల్లు పట్టింది మళ్ళీ రాయడానికి. అప్పుడు మా పెద్దావిడ ఒక నియమం పెట్టింది. రెండో ప్రతి ఉండాలి, అది వేరే గదిలో ఉండాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ప్రతి శనివారం మధ్యాహ్నం డబ్బాలో ఉన్నదంతా దీంట్లోకి ఎక్కిస్తాను. ఎక్కించి వైరు పీకేస్తాను. దీంట్లో చేర్చడమే తప్ప తీయడం ఉండదు. డబ్బా చేసేది అన్నిచోట్లా ఒకేలా ఉంచడం. దాచడం వేరు ఇంజనీరూ."

మరిది కళ్ళు వెలిగాయి. "అయితే ఇంకేం! ఇలా ఇవ్వండి!" అని డిస్కు అందుకుని వైరు కంప్యూటరుకి తగిలించబోయాడు.

"ఆగు!"

పెద్దకోడలు అతని మణికట్టు పట్టుకుంది. పదహారేళ్ళలో మరిది మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

"సింహం ఇంకా డబ్బాతో కలిసే ఉంది. నీ ప్రోగ్రాం ప్రతి ఆదివారం దానంతటదే నడిచేలా పెట్టావా లేదా?"

మరిది ఆలోచించాడు. "పెట్టాను," అన్నాడు గొంతు తగ్గించి.

"మరి? శనివారం ఆవిడ విని మెచ్చుకుని వెళ్తుంది, ఆదివారం పదకొండున్నరకి మళ్ళీ ఒకటి మిగుల్తుంది. ముందు సింహాన్ని బోనులో పెట్టు. తర్వాత చెత్తబుట్ట తెరువు. ఆ తర్వాత డిస్కు."

"ఈ పిల్ల నా దగ్గర పనికి చేరాల్సింది," అన్నారు మామగారు, ఎవరితోనో అన్నట్టు. "కరెంటు ఆపకుండా రేడియో వెనక చెయ్యి పెట్టే రకం కాదు."

ఆ మాట పెద్దకోడలు విననట్టే ఉంది. కానీ చెవుల వెనక వెచ్చబడింది. మామగారు ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. పెళ్ళైన కొత్తలో ఆవిడ మొదటిసారి వంట చేసి పెడితే "తినొచ్చు" అన్నారు. అంతే.

మరిది ల్యాప్‌టాప్ తెచ్చి, వదిన చెప్పినట్టల్లా చేశాడు. ప్రోగ్రాం ఆపాడు. డబ్బాతో కలయిక తెంపాడు. చెత్తబుట్ట మళ్ళీ తెరిచాడు. ప్రతి మెట్టుకీ "అయింది" అని పైకి చెప్పాడు, బళ్ళో లెక్క చేసే పిల్లాడిలా. అప్పుడు పెద్దకోడలు డిస్కు తగిలించింది. దీపం వెలిగింది. సన్నని గర్రుమనే చప్పుడు మొదలైంది. మామగారి ఫోల్డరులో అంకె కదిలింది. ఇరవై. యాభై ఎనిమిది. నూట పది.

"నాన్నా, నువ్వు అటు తిరుగు," అన్నాడు మరిది ఉన్నట్టుండి.

"ఎందుకు?"

"తిరుగు చెప్తాను. వదినా, పేర్లు కనబడకుండా తెర నా వైపు తిప్పండి."

పరీక్ష పెడుతున్నాడు. పెద్దకోడలికి అర్థమైంది, మామగారికీ అర్థమైంది. ఆయన అభ్యంతరం చెప్పలేదు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి స్వయంగా లేచి కుర్చీని గోడ వైపు తిప్పుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

మరిది ఒకటి నొక్కాడు. గదిలో ఆ పాత రాగం లేచింది. తీగ వాయిద్యం ఒకటి నాలుగు స్వరాలు ఎక్కి, ఒక స్వరం మీద ఆగి, మెల్లగా దిగింది. అడుగున ఎక్కడో సన్నగా కరకర.

"బేకరీ వాళ్ళ రేడియో," అన్నారు మామగారు రాగం సగంలోనే. "పొయ్యి పక్కన అల్మారాలో పెట్టేవారు. గొంతు పెంచే మరలోకి పిండి దూరేది. మూడుసార్లు శుభ్రం చేశాను. ఇది రెండోసారి. మూడోసారికి ఆ కరకర ఉండదు."

మరిది తెర మీద పేరు చూశాడు. పైకి చదవలేదు. ఇంకోటి నొక్కాడు.

ఈసారి రాగం ఎక్కడో దూరంనుంచి నడిచొచ్చినట్టు సన్నగా మొదలై, రానురాను నిండుగా అయింది.

"లెక్కల పంతులమ్మది. వాల్వు రేడియో. వేడెక్కడానికి టైము పడుతుంది, నేను ఆరోజు లేవడం ఆలస్యమై అప్పుడే పెట్టాను. ఆవిడకి చెప్పాను, అమ్మా, అయిదు నిమిషాలు ముందే పెట్టుకోండి అని. 'నా పిల్లలు కూడా అంతేనండీ, మొదటి పీరియడు అయ్యాకే మేలుకుంటారు' అంది."

మూడోది. ఇది చాలా శుభ్రంగా ఉంది, పెద్దకోడలికి కూడా ఏ తేడా తెలియలేదు. మామగారు తల కొద్దిగా వంచారు.

"సెలూనుది. స్పీకరు అట్ట చిరిగితే గాలిపటం కాగితం అతికించాను. లావు స్వరం దగ్గర విను. ఇదిగో. ఇక్కడ."

మరిది విన్నాడు. మళ్ళీ వెనక్కి జరిపి విన్నాడు. లావు స్వరం దగ్గర, ఈగ రెక్క ఆడినంత, బర్‌మంది.

తర్వాత మిగతావి ఒక్కోటీ వరసగా, పరీక్ష కోసం కాకుండా, వినడానికే పెట్టాడు. రాగం మొదలైన ప్రతిసారీ తండ్రి ఒక మనిషిని, ఒక వీధిని, ఒక తెగిన తీగని చెప్పారు. ఇన్నేళ్ళుగా కొడుకుకి చెప్పని మాటలన్నీ అవి. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

"నాన్నా, ఇవన్నీ నువ్వు వేలితో ముట్టుకున్నవే కదా," అన్నాడు చివరికి. "నా వంతెనలు నేను ఇన్ని గుర్తుపట్టలేను."

"నీ వంతెనలు పాడవ్వవు కదరా. పాడైనవే గుర్తుంటాయి."

"వదినా," అన్నాడు మరిది, తల తిప్పకుండా. "తాళం మీ దగ్గరే ఉండనివ్వండి. నా సింహాన్ని కలపొద్దు. నాకు పాట కావాలంటే మిమ్మల్ని అడుగుతాను."

"అడిగితే ఇస్తాను," అంది పెద్దకోడలు. "రిజిస్టర్లో సంతకం పెట్టి తీసుకెళ్ళు."

అత్తగారు ఈసారి నవ్వు ఆపుకోలేదు.

పెద్దకోడలు నోటుపుస్తకం తెరిచి అంకె సరిచూడబోయింది. ప్రతి రికార్డింగుకీ అందులో ఒక వరస ఉంటుంది: తేదీ, ఎవరి రేడియో, ఏం పాడైంది, ఏం చేశారు. తేదీకి కష్టపడక్కర్లేదు, రాగం అయిపోగానే స్టేషను మనిషి వారమూ, తేదీ, సంవత్సరమూ చెప్తాడు. చివరి వరస నూట ఎనభై ఏడు.

తెర మీద నూట తొంభై ఆరు ఉంది.

మళ్ళీ చూసింది. తొమ్మిది ఎక్కువ. పేర్లు లేవు, ఉత్త నెంబర్లు, ఒకటి నుంచి తొమ్మిది.

"ఏమైంది?" అన్నాడు మరిది కంగారుగా. "ఈసారి నేనేం చెయ్యలేదు."

"కాదు కాదు, గుర్తొచ్చింది. పోయిన శనివారం బట్టల ట్రంకు సర్దుతుంటే ఇంకో టేపు వచ్చింది. అత్తయ్య తెచ్చి ఇచ్చారు, ఇదీ ఎక్కించు అని. ఎక్కించి డిస్కులో పడేశాను. పేరు పెట్టనిది అల్మారా ఎక్కకూడదని డబ్బాలో పెట్టలేదు. మామయ్య పక్కన కూర్చుని ఈ వారం పెడదామనుకున్నా, ఈ లోపల ఈ గొడవ."

"ఇంకో టేపా? నా టేపులన్నీ అయిపోయాయి కదా," అన్నారు మామగారు, కుర్చీ ఇటు తిప్పుకుంటూ. "పెట్టు చూద్దాం."

పెద్దకోడలు ఒకటో నెంబరు నొక్కింది.

అదే రాగం. నాలుగు స్వరాలు ఎక్కింది, ఆగింది, దిగింది. మామగారు ఏమీ అనలేదు. తల వంచి విన్నారు. "ఇంకోసారి," అన్నారు. ఇంకోసారి విన్నారు. "తర్వాతది." విన్నారు. మూడోది. నాలుగోది.

ఆయన ముఖం చూసి పెద్దకోడలికి భయం వేసింది. మరచిపోయారా? ఎల్లుండి ఆవిడ వస్తుంది, ఆవిడ ముందు ఇలా జరిగితే?

"ఇవి నావి కావు," అన్నారు మామగారు.

"అదేంటి మామయ్యా? మీ టేపు రికార్డరే కదా, మొదట్లో ఆ టక్కుమనే చప్పుడు..."

"రికార్డరు నాదే. బెంచీ నాదే. కిటికీ రెక్క కొట్టుకోవడం కూడా వినిపిస్తోంది, ఈ గదే. పని నాది కాదు." ఆయన బెంచీ దగ్గరికి వచ్చి నిలబడ్డారు. "ఆ నాలుగోది విన్నారా? అడుగున గూ అనే రొద ఉంటుంది ఏ రేడియోకైనా. నేను ఎంత చేసినా కొంచెం మిగిలేది. దీంట్లో లేదు. అస్సలు లేదు. ఎవరో గాని, టంకం వేసిన చెయ్యి వణకలేదు. నాకన్నా..." ఆగారు. "నాకన్నా శుభ్రమైన పని ఇది."

ఆ రికార్డింగు ఇంకా నడుస్తోంది. రాగం అయిపోయి స్టేషను మనిషి గొంతు వచ్చింది. వారం చెప్పాడు, తేదీ చెప్పాడు, సంవత్సరం చెప్పాడు.

మామగారి చెయ్యి బెంచీ అంచు మీద బిగుసుకుంది.

"ఆ తేదీకి నేను ఆసుపత్రిలో ఉన్నాను," అన్నారు. "పెద్దాడికి నాలుగేళ్ళు, వీడింకా పుట్టలేదు. మూడు నెలలు మంచం మీద ఉన్నాను, విషజ్వరం. దుకాణం మూసే ఉంది. తాళం వేసి ఉంది."

గుమ్మం దగ్గర పీట కదిలిన చప్పుడైంది. అత్తగారు బఠానీల గిన్నె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గోడవారగా ఉన్న ఎత్తుపీటని కాలితో ఇవతలికి లాగి, బెంచీ ముందు కూర్చుంది. ఆ బెంచీ ముందు ఆవిడ కూర్చోవడం పెద్దకోడలు ఈ పదహారేళ్ళలో ఎన్నడూ చూడలేదు. కానీ కూర్చున్న తీరు చూస్తే కొత్త చోటు మాదిరిగా లేదు. ఎడమ మోచెయ్యి ఎక్కడ ఆనించాలో ఆ చేతికి తెలుసు.

"ఆరో నెంబరు పెట్టమ్మా," అంది కోడలితో. "నాలుగో దానికన్నా అది బాగా కుదిరింది."

మామగారు భార్య వైపు, నలభై ఏడేళ్ళుగా తనకు తెలుసనుకున్న మనిషి వైపు, రేడియో వెనక మూత విప్పి మొదటిసారి లోపలికి చూస్తున్నట్టు చూశారు.

"దుకాణం మూసి ఉంది కదే," అన్నారు నెమ్మదిగా. "మూడు నెలలూ."

"ఆ సంగతి మీకు ఎవరు చెప్పారు?"

"నువ్వే చెప్పావు."

"అవును," అంది అత్తగారు, చూపు తిప్పుకోకుండా. "నేనే చెప్పాను."